సొరకాయ అని వెతికితే ఆనపకాయ దొరకదు: సీవీలో కీవర్డుల సంగతి

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో సాయంత్రం పూట విశాఖ ద్వారకానగర్‌లోని ఏ నెట్ సెంటర్‌కు వెళ్ళినా ఒకటే దృశ్యం. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి అంతకుముందు ఎవరికో చేసిపెట్టిన వర్డ్ ఫైల్ తెరుస్తాడు, పేరు మారుస్తాడు, కాలేజీ మారుస్తాడు, ఫోన్ నంబర్ మారుస్తాడు. ‘ఆబ్జెక్టివ్’ కింద ఉన్న మూడు లైన్లు, చివర డిక్లరేషన్, దాని కింద ‘ప్లేస్: విశాఖపట్నం’ అలాగే ఉండిపోతాయి. ఆ ఒక్క పీడీఎఫ్ నలభై కంపెనీలకు వెళ్తుంది. నెల గడిచినా ఒక్క ఫోనూ రాదు. అప్పుడు ఫ్రెండ్స్ మధ్య వినిపించే మాట, “ఏటీఎస్ కొట్టేసింది రా.”

ఏటీఎస్ అంటే కంపెనీకి వచ్చిన దరఖాస్తులను సర్దే సాఫ్ట్‌వేర్. ఆ మాటలో సగమే నిజం. మిషన్ చాలావరకు కొట్టేయదు, వెతికినవాళ్ళకు చూపించదు, అంతే. ఉద్యోగం రానప్పుడు రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ, చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది. కొట్టేసే కాపలాదారు అనుకుంటే వాడి కళ్ళు కప్పి ఎలా దూరాలా అని ఆలోచిస్తారు, కనిపించకుండా దాచే తెల్ల అక్షరాలు, దొంగ అనుభవం లాంటివన్నీ అక్కడి నుంచే పుడతాయి. కనిపించకపోవడమే సమస్య అని తెలిస్తే మాత్రం, చేసిన పనినే వెతికేవాళ్ళ మాటల్లో రాస్తే సరిపోతుంది. కీవర్డులు అంటే ఆ వెతికే మాటలే, వాటి వ్యవహారమంతా ఇదే, మిగతాదంతా దీన్ని ఎలా చేయాలన్న వివరమే.

ముందు ఈ ఏటీఎస్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అంటే వచ్చిన దరఖాస్తులను ఒకచోట పెట్టి, ఎవరు ఏ దశలో ఉన్నారో చూపించే సాఫ్ట్‌వేర్. వర్క్‌డే, ఒరాకిల్ టాలియో, ఎస్ఏపీ సక్సెస్‌ఫ్యాక్టర్స్, గ్రీన్‌హౌస్, జోహో రిక్రూట్ ఇలా పేర్లు చాలా ఉన్నా పునాది పని ఒకటే. సీవీ ఎక్కించగానే పార్సర్ అనే భాగం అందులోని అక్షరాలను చదివి పేరు, ఫోను, చదువు, కంపెనీలు, తేదీలు, స్కిల్స్ అని గళ్ళలో సర్దుతుంది. ఏ గడిలో ఏం పడిందన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ తర్వాత వెతకడం, వడపోయడం ఎక్కువగా ఆ గళ్ళ మీదే జరుగుతాయి. దాని పక్కన ఫారంలో అడిగే ప్రశ్నలు ఉంటాయి: నోటీస్ పీరియడ్ ఎంత, ఫలానా ఊరికి వస్తారా, ఫలానా డిగ్రీ ఉందా. మిషన్ నిజంగా కొట్టేసేది ఏదైనా ఉంటే అది ఇక్కడే. కంపెనీ ‘ఈ జవాబు వస్తే పక్కన పెట్టు’ అని ముందే సెట్ చేసి పెడితే సీవీలో ఎన్ని కీవర్డులున్నా లాభం లేదు. కంగారులో తప్పు ఆప్షన్ నొక్కేసి, తర్వాత నెలంతా సీవీ దిద్దుకుంటూ కూర్చునేవాళ్ళు తక్కువేం కాదు.

ఆపైన మనిషి వస్తాడు. ఒక ఉద్యోగానికి ఏడెనిమిది వందల దరఖాస్తులు వచ్చి ఉంటే రిక్రూటర్ అన్నీ తెరవలేరు. సెర్చ్ బాక్స్‌లో రెండు మూడు మాటలు కొడతారు, అనుభవం ఇన్నేళ్ళ నుంచి ఇన్నేళ్ళ దాకా అని పెడతారు, ఊరు ఎంచుకుంటారు, పైన వచ్చిన నలభై యాభై చూస్తారు. కావాల్సిన ఐదారుగురు దొరికితే ఆగిపోతారు. నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌లో సీవీలు వెతకడానికి రిక్రూటర్లు వాడే రెజ్‌డెక్స్ కూడా ఇదే పద్ధతి: కీవర్డులు, అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్, ఈ మధ్య ఎప్పుడు లాగిన్ అయ్యారు అన్న ఫిల్టర్లు. మన దరఖాస్తు ఐదు వందల నలభయ్యో స్థానంలో ఉంటే దాన్ని ఎవరూ తిరస్కరించలేదు, ఎవరూ చూడనూ లేదు.

‘డెబ్బై ఐదు శాతం సీవీలను మనిషి చూడకముందే ఏటీఎస్ చింపేస్తుంది’ అనే లెక్క ఒకటి యూట్యూబ్ వీడియోల్లో, సీవీ రాసిపెట్టే సంస్థల ప్రకటనల్లో తెగ తిరుగుతుంటుంది. దాని వెనక చూపించదగ్గ అధ్యయనం ఏదీ లేదు, భయపెట్టి ప్యాకేజీ అమ్మడానికే ఎక్కువగా పనికొస్తోంది. నిజంగా పట్టించుకోవాల్సిన లెక్క వేరే ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో ఇచ్చిన నివేదికలో, ఉన్నత నైపుణ్యాల ఉద్యోగాల విషయంలో 88 శాతం యాజమాన్యాలు ఒక మాట ఒప్పుకున్నాయి: ఉద్యోగ ప్రకటనలో రాసిన కొలతలకు అచ్చంగా సరిపోకపోవడం వల్లే అర్హులైనవాళ్ళు వడపోతలో జారిపోతున్నారని. అంటే తప్పు జరుగుతోందని కంపెనీలకూ తెలుసు. తెలిసీ ఫిల్టర్లు వదులుకోలేకపోతున్నాయి, ఎందుకంటే వచ్చే దరఖాస్తుల సంఖ్య అలా ఉంది.

ఇక మాటల సంగతి. సీతమ్మధార రైతుబజారుకు వెళ్ళి సొరకాయ ఎంత అని అడిగితే అమ్మే ఆవిడ ఆనపకాయ తీసి ఇస్తుంది. ఇక్కడి మాట ఆనపకాయ, అడిగినవాళ్ళది గుంటూరో హైదరాబాదో అయి ఉంటుందని ఆవిడకు తెలుసు. సెర్చ్ బాక్స్‌కు ఆ తెలివి ఉండదు, ఉన్నా కొంతే. రిక్రూటర్ సొరకాయ అని కొడితే సొరకాయ అని రాసుకున్నవాళ్ళే వస్తారు, బుట్టనిండా ఆనపకాయలున్నా రావు. ఇప్పుడిప్పుడు వస్తున్న ఏఐ ఆధారిత వడపోతలు అర్థం దగ్గరగా ఉన్న మాటలను కలిపి చూడగలుగుతున్నాయి, నిజమే. కానీ అవతలి కంపెనీ పాతది వాడుతోందో కొత్తది వాడుతోందో దరఖాస్తు పెట్టేవాళ్ళకు తెలిసే దారి లేదు. అందుకే రెండు మాటలూ రాసి ఉంచడం మంచిది.

ఈ ఊళ్ళో దీనికి పోర్టు రోడ్డు వైపే ఒక చక్కని ఉదాహరణ ఉంది. దిగుమతి, ఎగుమతి కాగితాల పని చేసే ఆఫీసుల్లో అందరూ ఇప్పటికీ ‘సీహెచ్ఏ’ అనే అంటారు, కస్టమ్స్ హౌస్ ఏజెంట్ అని. 2013లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనలతో ఆ పేరు అధికారికంగా కస్టమ్స్ బ్రోకర్ అయింది. పదేళ్ళుగా బిల్ ఆఫ్ ఎంట్రీలు, షిప్పింగ్ బిల్లులు కస్టమ్స్ వాళ్ళ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఫైల్ చేస్తున్న మనిషి తన సీవీలో ‘సీహెచ్ఏ ఆఫీసులో డాక్యుమెంటేషన్ పని’ అని ఒక్క లైను రాస్తాడు. పెద్ద లాజిస్టిక్స్ కంపెనీ ప్రకటనలో ‘కస్టమ్స్ బ్రోకరేజ్’, ‘కస్టమ్స్ క్లియరెన్స్’, ‘ఐస్‌గేట్ ఫైలింగ్’, ‘హెచ్‌ఎస్ కోడ్ క్లాసిఫికేషన్’ అని ఉంటుంది. పని అదే, చేసేదీ ఈయనే, కానీ రెండు కాగితాల మధ్య కలిసే మాట ఒక్కటీ లేదు. పదేళ్ళ అనుభవం ఒక పాత పేరు వెనక దాక్కుండిపోయింది.

ఇంకొంచెం దగ్గరగా చూడాలంటే పరవాడ వెళ్ళాలి. అక్కడి ఫార్మా సిటీలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ల్యాబ్‌లో మూడేళ్ళు చేసిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి అనుకుందాం. ఆమె సీవీలో ఉద్యోగం కింద ఇలా ఉంటుంది: ‘క్వాలిటీ కంట్రోల్ విభాగంలో కెమిస్ట్‌గా పనిచేశాను. శాంపిళ్లు పరీక్షించడం, రికార్డులు నిర్వహించడం నా బాధ్యతలు. అప్పగించిన పని సకాలంలో పూర్తిచేశాను.’ అబద్ధం ఒక్కటీ లేదు, పనికొచ్చే మాటా ఒక్కటీ లేదు. ఏ శాంపిళ్లు? ముడి పదార్థాలా, తయారైన మాత్రలా, స్టెబిలిటీ శాంపిళ్లా? ఏ పరికరం మీద? హెచ్‌పీఎల్‌సీయా, జీసీయా, డిజల్యూషనా, కార్ల్ ఫిషరా? సాఫ్ట్‌వేర్ వాటర్స్ ఎంపవరా, వేరేదా? రిజల్ట్ లిమిట్ దాటితే ఓఓఎస్ దర్యాప్తులో ఆమె పాత్ర ఏమైనా ఉందా? అమెరికా మార్కెట్‌కు మందులు పంపే కంపెనీ అయితే ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 1997లో వచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే అమెరికా నిబంధన ప్రకారమే పని జరిగి ఉంటుంది, ఆ మాట ఎక్కడైనా ఉందా?

అడిగితే ఆమె ఇవన్నీ గడగడా చెబుతుంది, రోజూ చేసే పని కాబట్టి. రాయాలంటే మాత్రం రోజూ చేసేది చాలా మామూలుగా అనిపించి, అది కూడా రాయాలా అనుకుని వదిలేస్తుంది. రిక్రూటర్ కొట్టే మాటలు సరిగ్గా అవే. అదే అనుభవాన్ని ఇలా రాస్తే చూడండి: ‘టాబ్లెట్లు, క్యాప్సూల్‌ల ఫినిష్డ్ ప్రాడక్ట్, స్టెబిలిటీ శాంపిళ్లకు హెచ్‌పీఎల్‌సీ మీద అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ పరీక్షలు; సాఫ్ట్‌వేర్ ఎంపవర్ 3. డిజల్యూషన్, కార్ల్ ఫిషర్. ఓఓఎస్, ఓఓటీ ప్రాథమిక దర్యాప్తులో అనలిస్టుగా పాల్గొనడం. నెలకు సగటున ఇన్ని శాంపిళ్లు. జీఎంపీ, గుడ్ డాక్యుమెంటేషన్ ప్రాక్టీసెస్, 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనల కింద పని.’ ఇందులో కొత్తగా కల్పించింది ఏమీ లేదు, ఆమె చేతులు మూడేళ్ళుగా చేస్తున్నదే. పైగా ఇది మిషన్‌కే కాదు, తర్వాత చదివే ల్యాబ్ మేనేజర్‌కూ పనికొస్తుంది. మంచి కీవర్డుకు గుర్తు అదే, దాన్ని పట్టుకుని ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడగలగాలి.

గాజువాకలో ఏ ట్రేడర్ దగ్గరో లెక్కలు చూసే అకౌంటెంట్‌కూ ఇంతే. ‘అకౌంట్స్ అన్నీ చూస్తాను’ కన్నా ట్యాలీప్రైమ్, జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బి, ఈ-వే బిల్లు, టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్ అన్న ఆరు మాటలు ఎక్కువ పని చేస్తాయి. ట్యాలీ పేరే 2020లో ట్యాలీప్రైమ్ అయింది, పాత ప్రకటనల్లో ఇంకా ఈఆర్‌పీ 9 అనే ఉంటుంది, రెండూ వాడి ఉంటే రెండూ రాయాలి.

ఈ మాటలు ఎక్కడి నుంచి తేవాలి? ఎవరో అమ్మే ‘టాప్ వంద కీవర్డులు’ పీడీఎఫ్ నుంచి కాదు. దరఖాస్తు పెట్టే ఉద్యోగం ప్రకటన, అలాంటి ఉద్యోగానికే వేరే కంపెనీలు ఇచ్చిన నాలుగైదు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అన్నింట్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు ఆ వృత్తి మాటలు. ఒక్కదాంట్లోనే వచ్చి, అందులోనే రెండు మూడు చోట్ల కనిపించేవి ఆ కంపెనీకి ప్రత్యేకంగా కావాల్సినవి. ‘తప్పనిసరి’ కింద ఉన్నవి ముందు చూడాలి, ‘ఉంటే మంచిది’ కింద ఉన్నవి తర్వాత. ‘టీమ్ ప్లేయర్’, ‘హార్డ్ వర్కింగ్’, ‘గుడ్ కమ్యూనికేషన్’ ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి గానీ వాటిని కొట్టి వెతికే రిక్రూటర్ ఉండరు, వాటి కోసం సీవీలో చోటు ఖర్చు చేయనక్కర్లేదు. తర్వాత ఆ జాబితాలో నిజంగా చేసినవి, వచ్చినవి గుర్తుపెట్టుకుని, అవి సీవీలో అదే స్పెల్లింగ్‌తో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ముఖ్యమైనవి రెండు చోట్ల ఉండాలి: పైన స్కిల్స్ దగ్గర ఒకసారి, వాటిని ఏ ఉద్యోగంలో వాడారో అక్కడ ఒకసారి. స్కిల్స్‌లో మాత్రమే ఉన్న మాట ఎప్పుడు, ఎక్కడ వాడారో ఎవరికీ తెలియదు.

పొట్టి మాట, పూర్తి మాట రెండూ రాయడం మరచిపోకూడదు. ఎస్ఈఓ అని ఒకరు వెతికితే సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అని ఇంకొకరు వెతుకుతారు. ‘బీటెక్’ పక్కన బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ ఉండాలి. ఎంపీసీ, బైపీసీ అన్నవి మనకు ఊపిరి పీల్చినంత సహజం గానీ పుణెలోనో గుర్గావ్‌లోనో కూర్చున్న రిక్రూటర్‌కు అవి ఏమీ చెప్పవు, ‘ఇంటర్మీడియట్ (12వ తరగతి), మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ’ అని రాయాలి. ఉద్యోగం పేరు కూడా అంతే. కంపెనీ ఇచ్చిన హోదా ‘అసోసియేట్ - లెవెల్ 2’ అయితే దాన్ని మార్చకూడదు, వెరిఫికేషన్‌లో ఇబ్బంది. పక్కనే పని స్వభావం చేర్చవచ్చు: ‘అసోసియేట్ - లెవెల్ 2, మాన్యువల్ టెస్టింగ్’ అని. ఎన్ని స్కిల్స్ కలిపినా రాని తేడా ఈ ఒక్క చేర్పుతో వస్తుంది, ఎందుకంటే చాలామంది రిక్రూటర్లు మొదట కొట్టేది ఉద్యోగం పేరునే.

ఇంతా చేసి ఆ అక్షరాలను మిషన్ చదవలేకపోతే అంతా వృథా. తెలుగులో డీటీపీ చేయించినవాళ్ళకు ఈ సమస్య కొత్త కాదు. అను ఫాంట్‌తో టైప్ చేసిన శుభలేఖ తెరమీద చక్కటి తెలుగులా ఉంటుంది, దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. కంటికి కనిపించేది ఒకటి, ఫైల్ లోపల ఉన్నది ఇంకొకటి. పార్సర్ చదివేది లోపల ఉన్నదాన్నే. ఫోన్‌తో ఫోటో తీసి పీడీఎఫ్ చేసిన సీవీలో లోపల అసలు అక్షరాలే ఉండవు, బొమ్మ ఉంటుంది, అంతే. కొన్ని సాఫ్ట్‌వేర్లు బొమ్మలోంచి కూడా అక్షరాలు తీయగలవు గానీ ఆ నమ్మకం మీద ఉద్యోగావకాశాన్ని పణంగా పెట్టడం అనవసరం.

ఈ మధ్య క్యాన్వా అనే డిజైన్ సైట్ టెంప్లేట్లు బాగా వాడుతున్నారు, ఎడమవైపు రంగు పట్టీలో ఫోటో, స్కిల్స్, వాటికి ఐదు చుక్కల రేటింగ్, కుడివైపు అనుభవం. చూడ్డానికి బాగుంటాయి. అలాంటి రెండు వరుసల సీవీని తెరిచి, కంట్రోల్-ఏ, కంట్రోల్-సి కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే ఒక్కోసారి ఇలాంటిది వస్తుంది: ‘పైథాన్ జూనియర్ డెవలపర్, 2022 ఎస్‌క్యూఎల్ జూన్ నుంచి 2024 ఎక్సెల్ మార్చి వరకు’. ఎడమ వరుస, కుడి వరుస అడ్డంగా కలిసిపోయి తేదీల మధ్యలోకి ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ దూరాయి. దీన్నిబట్టి ఆ మనిషి ఎన్నేళ్ళు పనిచేశాడో ఏ పార్సర్ చెప్పగలదు? అనుభవం గడిలో సున్నా పడితే ‘ఒకటి నుంచి మూడేళ్ళు’ అన్న ఫిల్టర్‌లో అతను ఉండడు. ఇక ఐదు చుక్కల్లో నాలుగు నింపిన రేటింగ్‌కు అక్షరాల్లో ఏ విలువా లేదు.

ఈ నోట్‌ప్యాడ్ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. డబ్బులిచ్చి కొనే ‘ఏటీఎస్ స్కోర్’ కన్నా ఇదే నమ్మదగింది. ఆ స్కోర్లు ఇచ్చే వెబ్‌సైట్లు తమ సొంత లెక్క చెబుతాయి, దరఖాస్తు వెళ్ళే కంపెనీకి ఆ అంకెతో సంబంధం లేదు. నోట్‌ప్యాడ్‌లో వరుస తప్పకుండా వస్తే, పేరు, ఫోన్ నంబర్ పైన కనిపిస్తే, తేదీలు ఏ ఉద్యోగానివి ఆ ఉద్యోగం దగ్గరే ఉంటే ఫైల్ బాగున్నట్టే. వర్డ్‌లో పేజీ హెడర్ అనే భాగంలో ఫోన్ నంబర్ పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి, కొన్ని పార్సర్లు హెడర్, ఫుటర్లను చదవకుండా దాటేస్తాయి. ఒకే వరుస, మామూలు ఫాంట్, ‘వర్క్ ఎక్స్‌పీరియన్స్’, ‘ఎడ్యుకేషన్’, ‘స్కిల్స్’ లాంటి అందరికీ తెలిసిన శీర్షికలు చాలు.

పేర్ల దగ్గర మనవాళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత; ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరమే; పాన్‌కార్డులో మూడో రకం. పార్సర్లు చాలావరకు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి, దాంతో కుమార్ గారో లక్ష్మి గారో ఇంటిపేర్లు అయిపోతారు. ఇది ఎంపికను ఆపకపోయినా ఆఫర్ లెటర్, వెరిఫికేషన్ దగ్గర రోజులు తినేస్తుంది. సీవీలో, నౌకరీలో, లింక్డిన్‌లో, ఫారంలో పేరు ఒకేలా ఉంచడం, పార్సర్ నింపిన గళ్ళను ‘నెక్స్ట్’ నొక్కే ముందు ఒకసారి చదివి సరిదిద్దడం, ఈ రెండూ చేస్తే చాలు.

ఊరి పేరు దగ్గర మరీ జాగ్రత్త పడాలి. మనం వైజాగ్ అంటాం, విశాఖ అంటాం, విశాఖపట్నం అంటాం, పెద్దవాళ్ళు వాల్తేరు అంటారు. చాలామంది సీవీలో డోర్ నంబరుతో సహా ‘మధురవాడ’ అనో ‘పెదగంట్యాడ’ అనో రాసి ఊరు పేరే వదిలేస్తారు. మరో చిక్కు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక వచ్చింది: పరవాడ, అచ్యుతాపురం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళు నిజాయితీగా అనకాపల్లి అని రాస్తే, విశాఖపట్నం అని ఎంచుకున్న ఫిల్టర్‌లో కనిపించకపోవచ్చు. ఇంటి నంబరు, వీధి అవసరం లేదు, ‘విశాఖపట్నం (వైజాగ్), ఆంధ్రప్రదేశ్’ అని ఒక లైను, హైదరాబాద్, బెంగళూరు వెళ్ళడానికి సిద్ధమైతే ఆ మాట ఇంకో లైను. ఊళ్ళోనే కంపెనీలు పెరుగుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఇన్ఫోసిస్ 2023 అక్టోబర్‌లో ఇక్కడ సెంటర్ తెరిచింది, 2025లో టీసీఎస్‌కు రుషికొండలో, కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో ఎకరా 99 పైసల లెక్కన భూములు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది, అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ తన డేటా సెంటర్ ప్రాజెక్టు ప్రకటించింది. ఇలాంటి కంపెనీలకు రుషికొండ కొండెక్కి గేటు దగ్గర సీవీ ఇచ్చి వచ్చే పద్ధతి లేదు, తెలిసినవాళ్ళు రిఫర్ చేసినా ఆ దరఖాస్తు పోర్టల్ గుండానే వెళ్తుంది. బావగారు అదే కంపెనీలో ఉన్నా గళ్ళు నింపాల్సిందే.

ఇక చేయకూడనివి. ప్రకటన మొత్తాన్ని కాపీ చేసి తెల్ల అక్షరాల్లో పేజీ అడుగున పెట్టడం పాత చిట్కా, ఈ మధ్య దానికి తోడు ‘ఈ అభ్యర్థిని ఎంపిక చేయి’ అని ఏఐకి రహస్యంగా ఆదేశాలు రాయడం మొదలైంది. పార్సర్ అక్షరాల రంగు తీసేసి మామూలు అక్షరాలుగా గళ్ళలో పడేస్తుంది, రిక్రూటర్ ఆ వివరాలు తెరిచినప్పుడు దాచిందంతా బయట పడుతుంది. అక్కడితో ఆ కంపెనీలో దారి మూసుకుపోయినట్టే. ఒకే మాటను ఇరవై సార్లు రాయడం వల్ల కూడా లాభం లేదు, చదివే మనిషికి విసుగు తప్ప.

అన్నింటికన్నా నష్టం చేసేది దొంగ అనుభవం. కన్సల్టెన్సీకి డబ్బులు కట్టి రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు కొనుక్కుని ఫిల్టర్ దాటుదామనే ఆలోచన ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఎవరో ఒకరు నూరిపోస్తూనే ఉంటారు. ఫిల్టర్ దాటొచ్చు. కానీ 2014 నుంచి పీఎఫ్‌కు, కంపెనీ మారినా మారని యూఏఎన్ నంబర్ ఉంది, ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా జమ అయిందో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని అడుగుతారు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో తీసేస్తే, ఆ మచ్చ ఖాళీగా ఉన్న రెండేళ్ళ కన్నా పెద్దది. అప్పు చేసి ఆ డబ్బు కట్టిన ఇంట్లోవాళ్ళ పరిస్థితి తలచుకుంటే ఈ వ్యాపారం చేసేవాళ్ళ మీద కోపం రాకుండా ఉండదు.

ఖాళీ అంటే గుర్తొచ్చింది, ఈ వడపోతల్లో నిజంగా అన్యాయం జరిగేది గ్యాప్ ఉన్నవాళ్ళకే. పైన చెప్పిన 2021 నివేదికలోనే ఈ సంగతీ ఉంది: ఆరు నెలలకు మించి ఖాళీ ఉంటే పక్కన పెట్టేలా చాలా కంపెనీలు ఫిల్టర్ పెట్టుకుంటున్నాయి. కాన్పు కోసమో, ఇంట్లో పెద్దవాళ్ళకు బాగోలేకనో ఆగిన ఆడవాళ్ళు ఆ గీత దగ్గరే ఆగిపోతారు. మిషన్ అంటే పక్షపాతం ఉండదనేది కూడా భ్రమే. అమెజాన్ తయారుచేసుకున్న ఒక ప్రయోగాత్మక సాఫ్ట్‌వేర్ పాత సీవీల నుంచి నేర్చుకుని, ‘మహిళల’ అన్న మాట ఉన్న సీవీలకు మార్కులు తగ్గించిందని, దాంతో ఆ ప్రాజెక్టునే ఆపేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. దీనికి కీవర్డులు పూర్తి మందు కాదు. అయితే ఖాళీని తేదీల మధ్య కన్నంలా వదిలేయకుండా ‘కెరీర్ బ్రేక్, కుటుంబ బాధ్యతలు, 2021 మే నుంచి 2023 జులై’ అని ఒక ఎంట్రీగా రాసి, ఆ కాలంలో చేసిన కోర్సో, ట్యూషనో, చుట్టాల షాపుకు చూసిపెట్టిన జీఎస్టీ పనో ఉంటే దాని కింద చేర్చడం మంచిది. మిషన్ సంగతి ఎలా ఉన్నా చదివే మనిషి మనసులో ప్రశ్న మిగలదు.

చాట్‌జీపీటీ లాంటివాటితో సీవీ రాయించుకోవడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే, తప్పేం లేదు. ప్రకటన ఇచ్చి ‘ఇందులో ముఖ్యమైన మాటలు ఏవి, నా సీవీలో ఏవి లేవు’ అని అడిగితే మంచి సాయం. ‘ఈ ఉద్యోగానికి సరిపోయేలా రాసిపెట్టు’ అంటే మాత్రం చేయని పనులు కూడా చక్కటి ఇంగ్లిష్‌లో చేర్చేస్తుంది. క్యూసీ ఇంటర్వ్యూలో ‘సిస్టమ్ సూటబిలిటీ ఫెయిల్ అయితే ముందు ఏం చూస్తారు?’ అని ఒక్క ప్రశ్న చాలు, ఆ లైను ఎవరు రాశారో తెలిసిపోవడానికి.

రోజుకు ముప్ఫై అప్లికేషన్లు పెట్టేవాళ్ళు ప్రతిదానికీ సీవీ మార్చడం అయ్యే పనేనా అని అడుగుతారు. కాదు, అవసరమూ లేదు. చేసిన పనులన్నీ, పరికరాలన్నీ, సాఫ్ట్‌వేర్లన్నీ, అంకెలతో సహా ఒక పెద్ద ఫైల్‌లో రాసి పెట్టుకోవాలి, అది నాలుగు పేజీలైనా పర్వాలేదు, ఎవరికీ పంపేది కాదు. దానికి ఒక ఆదివారం పడుతుంది. ఆ తర్వాత ఒక్కో ప్రకటనకు దాంట్లోంచి కావాల్సిన లైన్లు తీసుకుని, పైన సారాంశంలో రెండు మాటలు మార్చి, స్కిల్స్ వరుస మార్చడానికి ఇరవై నిమిషాలు సరిపోతుంది. ముప్ఫైకి బదులు రోజుకు నాలుగు పెట్టినా, సరిగ్గా సరిపోయే నాలుగు అయితే ఫోన్లు వచ్చే అవకాశం ఎక్కువ. నౌకరీ ప్రొఫైల్‌లో వారానికి ఒకసారి లాగిన్ అయి ఏదో ఒకటి అప్‌డేట్ చేస్తుండాలి, ‘ఈ మధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్ళు’ అన్న ఫిల్టర్ రిక్రూటర్లు తరచూ వాడేదే. ప్రకటన వచ్చిన మొదటి రెండు రోజుల్లో పెట్టడం కూడా ముఖ్యం, ఎందుకంటే కావాల్సిన ఐదారుగురు దొరికాక వెతకడం ఆపేస్తారని పైన అనుకున్నాం.

ఇదంతా చేశాక కూడా ఆరేడు వారాలు ఫోన్ రాకపోతే కీవర్డులను ఇంకా కలపడం కాదు, ఎంచుకునే ఉద్యోగాలనే మళ్ళీ చూసుకోవాలి. ఏడాది అనుభవంతో ఐదేళ్ళవి కోరుతున్నారా, 90 రోజుల నోటీస్ ఉండి ‘వెంటనే చేరాలి’ అన్నవాటికే పెడుతున్నారా, ఫారంలో అడిగిన జీతం ఆ ఉద్యోగానికి చాలా ఎక్కువ పడిందా అని. ముందుగా తెరవాల్సింది మాత్రం సీవీ కాదు, చివరిగా పెట్టిన దరఖాస్తు తాలూకు ఫారం. అందులో పార్సర్ ఏ గడిలో ఏం నింపిందో చూస్తే చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.